జీవబిళ్లకు బతికున్న సర్టిఫికెట్

మా సంస్థ పేరు ఉపకారక సూక్ష్మజీవుల ఉత్పత్తి మరియు సరఫరా సంస్థ. గేటు మీద ఆ బోర్డు మొత్తం చదివి లోపలికి వచ్చినవాళ్లు తక్కువ. గోదావరి కాలవ గట్టున ఒక పాత ధాన్యం గోదాములో పెట్టారు దాన్ని. నేనందులో జూనియర్ విశ్లేషకుణ్ణి, పేరు కామేశం. సూక్ష్మజీవులు బతికి ఉన్నాయా లేదా అన్నది చూసి చెప్పడం నా పని. ఒకసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దాంతో ఇదంతా మొదలైంది.

అప్పట్లో రాజధానిలో పెద్దలందరికీ పొట్టలోని మంచి సూక్ష్మజీవుల మీద మోజు పుట్టింది. ఏ మీటింగులో చూసినా టీకి బదులు మజ్జిగ. పేగుల్లో మంచి జీవులు కోట్లకొద్దీ ఉంటే పిల్లలు బలంగా ఉంటారని, లెక్కలు కూడా బాగా వస్తాయని ఎవరో ప్రసంగించారు. హాస్టళ్లలో పిల్లలకి రోజూ పెరుగు పెడుతూనే ఉన్నాం కదండీ అని ఒక గుమాస్తా గుర్తు చేశాడట. అతన్ని వేరే శాఖకి మార్చారు. పెరుగుతో వచ్చిన చిక్కేమిటంటే, దానికి ఏకరూపత లేదు. ఒక హాస్టల్లో పులుపు, ఇంకో హాస్టల్లో చప్పన, మూడోదాంట్లో వార్డెన్ గారి దయను బట్టి నీళ్లు. అంచేత పెరుగులోని మంచి జీవుల్ని ఆరబెట్టి, పొడి చేసి, బిళ్లలుగా పంపించాలని నిర్ణయించారు. ఒక్కో బిళ్లలో నూరు కోట్ల జీవులు ఉండాలి. బిళ్లకి జీవబిళ్ల అని పేరు పెట్టారు.

ఆ మంచి జీవుల్ని ఎక్కడినుంచి తేవాలన్న దాని మీద ఆరు నెలలు ఉత్తరాలు నడిచాయి. ఏడో నెలలో నేను గిన్నె పట్టుకుని మా కాంటీన్‌కి వెళ్లాను.

కాంటీన్ పేరంటాలమ్మది. గోదాము వెనకాల రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు, మూల గోనె మీద ఒక నల్లటి పెరుగు కుండ. ఆ పెరుగు కోసం పక్క ఆఫీసులవాళ్లు కూడా మా దగ్గరికి భోజనానికి వచ్చేవారు. మా క్వార్టర్లలో ఎవరింట్లో తోడు అయిపోయినా చిన్న గ్లాసు పట్టుకుని ఆవిడ దగ్గరికే పరుగు.

"తోడుకేనా బాబూ?" అంటూ నా గిన్నెలో గరిటెడు పెరుగు వేసింది పేరంటాలమ్మ. "మా అత్తగారు కాపరానికొస్తా పాలకొల్లు నుంచి తెచ్చుకున్న తోడండి ఇది. ఆవిడ పోయారు గానీ తోడు పోలేదు. ఒక్క పూట ఆగలేదండి ఇప్పటిదాకా. మళ్లీ కావాలంటే మళ్లీ రండి. దీపాలెట్టాక మాత్రం రాకండి, ఇవ్వను. మా అత్తగారు ఇచ్చేవారు కాదు, నేనూ ఇవ్వను."

అలా మా నూరు కోట్లమందికి పుట్టిల్లు ఆ కుండ అయింది. ఫైల్లో మాత్రం 'శాస్త్రీయ పద్ధతిలో ఎంపిక చేయబడిన జాతి' అని రాశాం. మొదటి బిళ్లల్ని చేత్తో తిప్పే చిన్న యంత్రం మీద మెల్లగా నొక్కి తీశాను. పరీక్షించి చూస్తే నూరు కోట్లకి తొంభై కోట్లు హాయిగా బతికున్నాయి. ఒక బిళ్లని గోరువెచ్చటి పాలలో వేస్తే పొద్దుటికి గడ్డపెరుగు. నాకు ఆ రోజు నిజంగా సంతోషం వేసింది. కొత్త డైరెక్టరు గారు చేరేదాకా ఆ సంతోషం ఉంది.

డైరెక్టర్ భుజంగరావు గారు గృహనిర్మాణ శాఖలో పాతికేళ్లు ఇటుకలూ పెంకులూ పరీక్షించి, ప్రమోషన్ మీద మా దగ్గరికి వచ్చారు. చేరిన రోజే జీవబిళ్లని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గోటితో కొట్టి చప్పుడు విని, నడుం ఎత్తునుంచి గచ్చు మీద పడేశారు. బిళ్ల రెండు ముక్కలైంది.

"ఏమిటిది?" అన్నారు.

"పెరుగు బిళ్ల సార్. నోట్లో వేసుకుంటే కరగాలి కదా సార్."

"నా సర్వీసులో నేను పాస్ చేసిన వస్తువు పగిలినట్టు దాఖలా లేదు. ఇవి లారీల్లో హాస్టళ్లకి వెళ్లవలసిన సరుకు. మార్గమధ్యంలో పగిలితే జవాబుదారీ ఎవరు వహిస్తారు? దృఢత్వం విషయంలో రాజీ అన్న ప్రశ్నే ఉత్పన్నం కాదు."

వారం తిరక్కుండా ఆయన పాత ఆఫీసు నుంచి పెంకులు నొక్కే యంత్రం ఒకటి లారీ మీద దిగింది. అది నొక్కితే నేల అదిరి, కాంటీన్‌లో గ్లాసులు గలగలమనేవి. బిళ్లలు వేయించిన శనగల్లా వేడివేడిగా బయటికి వచ్చేవి. మొదట మేడమీదినుంచి పడేశారు, పగల్లేదు. నీళ్ల ట్యాంకు మీదినుంచి పడేశారు, కింద గచ్చు పెచ్చు లేచింది గానీ బిళ్ల పగల్లేదు. డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది.

"సార్, అంత గట్టిగా నొక్కితే లోపలున్నవి నలిగి చచ్చిపోతాయి. నొక్కుడికి పుట్టే వేడికి ఇంకా చచ్చిపోతాయి," అన్నాను.

"లోపల ఎంతమంది ఉన్నారు?"

"నూరు కోట్లు సార్."

"నూరు కోట్లమంది ఐకమత్యంగా నిలబడితే ఆ మాత్రం ఒత్తిడి తట్టుకోలేరా కామేశం? వాటికి మీరు పిరికి మందు పొయ్యకండి."

అప్పటికీ నూటికి ఒకటో అరో బతికి ఉండేవి. వాటి సంగతి మా శుద్ధి అధికారి నీలకంఠం గారు చూసుకున్నారు. ఈయన మహా శుభ్రం మనిషి. ఫైలు తిప్పేముందు ఒకసారి, తిప్పాక ఒకసారి చేతులు కడుక్కుంటారు. సంస్థలో ఏడాదిగా ఉన్నా ఆయన సూక్ష్మదర్శినిలో ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు ఎందుకో కన్ను పెట్టి చూశారు. చూసి కెవ్వుమన్నారు.

"కామేశం గారూ! క్రిములు! కదులుతున్నాయి!"

"అవేనండీ మన సరుకు. అవి ఉండాలని కదండీ ఇంత పనీ."

"పసిపిల్లలు తినే ప్రభుత్వ పదార్థంలో ప్రాణమున్న క్రిములా? ఇది ఎంతమాత్రం ఉపేక్షించదగిన విషయం కాదు!"

సాయంత్రానికల్లా ఆయన నోట్ పెట్టేశారు. తయారైన బిళ్లలన్నిటినీ ఆవిరి యంత్రంలో పెట్టాలి. ఆవిరి యంత్రం అంటే మనిషెత్తు ప్రెషర్ కుక్కర్ అనుకోండి. నూట ఇరవై ఒక్క డిగ్రీల వేడి, లోపల బిగదీసిన ఆవిరి, పదిహేను నిమిషాలు. ఆస్పత్రుల్లో కత్తులూ కత్తెర్లూ అందులోనే పెడతారు. నీలకంఠం గారు జాగ్రత్త కోసం మరో పదిహేను నిమిషాలు కలిపారు. ఆవిరికి బిళ్లలు కొంచెం మెత్తబడ్డాయని డైరెక్టరు గారు వాటిని మళ్లీ నొక్కించారు.

ఆ బిళ్లల్ని నేను మూడు రోజులు పరీక్షించి రిపోర్టు రాశాను. 'బతికి ఉన్నవి: సున్నా.' దాన్ని పట్టుకుని ఇద్దరు అధికారుల ముందూ నిలబడ్డాను. నీలకంఠం గారు లేచి నాకు చెయ్యిచ్చి, వెంటనే వెళ్లి కడుక్కొచ్చారు.

"సున్నా! నా సర్వీసులో ఇంత చక్కటి ఫలితం చూడలేదు," అన్నారు.

"ఉత్తర్వు ప్రకారం నూరు కోట్లు ఉండాలి కదా?" అన్నారు డైరెక్టరు గారు.

"ఉన్నాయి సార్. కాకపోతే చచ్చిపోయి ఉన్నాయి. వేడికి, ఒత్తిడికి బతకలేదు," అన్నాను.

"చచ్చిపోయాయనడానికి డెత్ సర్టిఫికెట్లు ఉన్నాయా?"

"సూక్ష్మజీవులకి డెత్ సర్టిఫికెట్లు ఎవరిస్తారు సార్?"

"మరణం నమోదు కానప్పుడు ఆ వ్యక్తి బతికి ఉన్నట్టే పరిగణించవలసి ఉంటుంది. మీరు కొత్తవారు, మీకు నిబంధనలు తెలియవు."

చివరికి ఇద్దరికీ న్యాయం జరిగేలా డబ్బా మీద ఇలా అచ్చు వేయించారు: 'బతికి ఉన్న సూక్ష్మజీవులు: నూరు కోట్లు. క్రిములు: సున్నా.'

ఇంతవరకూ జరిగింది మా గోదాములోనే ఉండిపోయేది. కానీ నవంబరు వచ్చింది. నవంబరులో పింఛనుదారులంతా తాము బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి కదా. ఎవరి పేరు మీద ఏటేటా ప్రభుత్వం నుంచి మంజూరు వస్తున్నా వాళ్లు బతికున్నట్టు రుజువు ఉండాలని, అది మా సూక్ష్మజీవులకి కూడా వర్తిస్తుందని రాజధానినుంచి ఉత్తర్వు వచ్చింది. పింఛనుదారుల ఫారమే పంపించారు, వేరే ఫారం అచ్చు వేయించడానికి వ్యవధి లేదట.

నేను కూర్చుని నింపాను. పేరు దగ్గర జీవబిళ్ల అని రాశాను. వాటిలో ఒకటి రెండుగా చీలి పిల్లలవుతాయి కాబట్టి తండ్రి పేరు దగ్గర 'తానే' అని రాశాను. పుట్టుమచ్చల దగ్గర 'సూక్ష్మము' అని రాశాను. 'బతికి ఉన్నట్టు ఎలా నిర్ధారించారు?' అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది.

డైరెక్టరు గారే దారి చూపించారు. కమిషనర్ గారు స్వయంగా వస్తున్నారు. ముందురోజు సాయంత్రం నాలుగు గ్లాసుల పాలలో నాలుగు బిళ్లలు నూరి కలపాలి. ఐదో గ్లాసులో పోలిక కోసం ఉత్త పాలు ఉంచాలి. పొద్దున్న కమిషనర్ గారి ఎదుట నాలుగు గ్లాసులూ తోడుకుని ఉంటే జీవులు బతికున్నట్టు.

"తోడుకోకపోతే సార్?"

"వాటి సంరక్షణ మీ విభాగానిది. మీ కస్టడీలో నూరు కోట్ల మరణాలు సంభవించినట్టు అవుతుంది. సస్పెన్షన్ అన్నది అందులో చిన్న శిక్ష," అన్నారు. తర్వాత కొంచెం మెత్తబడి, "తోడుకుంటే మటుకు కాంటీన్‌లో ఆ కుండ అవసరం ఉండదు. ఆ షెడ్డు ఖాళీ చేయించి బిళ్లల డబ్బాలు పెట్టుకుందాం. పేరంటాలమ్మకి చెప్పేశాను," అన్నారు.

బిళ్ల నూరడానికి రోకలి కావలసి వచ్చింది. పొయ్యి దగ్గరయితే పాలు చల్లారిపోకుండా ఉంటాయని గ్లాసుల్ని కాంటీన్‌లోనే బల్ల మీద పెట్టాను.

"మొగం అలా వేలాడేశారేటి బాబూ?" అంది పేరంటాలమ్మ పొయ్యి అలుకుతూ.

దాచుకోలేక మొత్తం చెప్పేశాను. బిళ్లల్లో ఒక్క ప్రాణి కూడా లేదని, పొద్దున్న ఐదు గ్లాసుల్లో ఐదు గ్లాసులూ పాలే ఉంటాయని, నా ఉద్యోగం పోతుందని.

"ఇంట్లో చంటిదుంది కదా మీకు?"

"ఆరో నెల పిన్నిగారూ."

"తోడు పెట్టేటప్పుడు పాలలో వేలెట్టి చూస్తాం. వేలు ఓర్చుకుంటేనే తోడేస్తాం. ఆ మాత్రం మీ డైరెక్టరు గారింట్లో అమ్మగారికి తెలీదేటండి?" అంది. నేను నాలుగు గ్లాసుల్లో బిళ్లలు నూరి కలిపాను. చీకటి పడకముందే ఇంటికి వెళ్లిపోయాను.

పొద్దున్న వచ్చి చూస్తే గ్లాసులన్నీ తోడుకున్నాయి. తిరగేసినా పడనంత గడ్డగా తోడుకున్నాయి. నాలుగు గ్లాసులు కాదు, ఐదూ తోడుకున్నాయి. నేను పేరంటాలమ్మ వంక చూశాను. ఆవిడ చెంచా కడుగుతోంది.

"అలా చూత్తారేటండి? నాకేం తెలుసు?" అంది. "ఏ గ్లాసు ఏదో చెప్పి వెళ్లొద్దా మీరు?" అని మాత్రం చిన్నగా అంది.

తన షెడ్డు పోతుందని తెలిసి కూడా తోడు వేసింది. నోరు తెరిచి నిజం చెబుదామనుకున్నాను. ఈలోగా కమిషనర్ గారు వచ్చేశారు. చెప్పలేదు. ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా చెప్పలేదు.

కమిషనర్ గారు నాలుగు గ్లాసులూ తిరగేసి చూసి తల పంకించారు. ఐదోది కూడా తిరగేశారు.

"ఇందులో బిళ్ల వెయ్యలేదన్నారు కదా?"

డైరెక్టరు గారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచారు.

"వెయ్యలేదు సార్. అదే మా బిళ్ల విశిష్టత. పక్క గ్లాసులో ఉన్నా ప్రభావం చూపిస్తుంది. ప్రస్తుతానికి జానెడు దూరం వరకూ నిర్ధారణ అయింది."

కమిషనర్ గారు చప్పట్లు కొట్టారు. ఫారంలో ఆఖరి గడి నిండింది, సంతకం పడింది. మా జీవబిళ్ల బతికి ఉన్నట్టు ప్రభుత్వం ధ్రువీకరించింది.

పక్కనుంటే చాలని తేలాక బిళ్లని మింగడం దేనికన్న ప్రశ్న వచ్చింది. ఎలాగూ అవి పళ్లకి లొంగేవి కావు. హాస్టల్‌కి ఒక బిళ్ల చొప్పున అద్దం కట్టించి భోజనాల గదిలో గోడకి వేలాడదియ్యాలని, పెరుగు సరఫరా నిలిపివెయ్యాలని ఆదేశాలు వెళ్లాయి. నెలలోపు వార్డెన్లనుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకాయన ఇలా రాశాడు: 'బిళ్లను గోడకు వేలాడదీసి ఇరవై రెండు రోజులైనది. అన్నము ఇంకనూ పెరుగన్నము కాలేదు. పిల్లలు చారుతోనే ముగించుచున్నారు. తగు సూచనలు ఇవ్వగలరు.' డైరెక్టరు గారు దాని మీదే జవాబు రాశారు: 'మేకును ఒక అడుగు కిందికి దింపి వేచి చూడగలరు.'

ఇక కుండ. సర్టిఫికెట్ ఉన్న జీవులూ లేని జీవులూ ఒకే ఆవరణలో ఉండరాదని నీలకంఠం గారు అభ్యంతరం లేవదీశారు. దాని మీద డైరెక్టరు గారు సంతకం చేసిన ఉత్తర్వుని పేరంటాలమ్మ చేతికి ఇచ్చే పని నాకు పడింది.

"చదివి చెప్పండి బాబూ, కళ్లజోడు తేలేదు."

"'ధ్రువీకరణ పొందని సూక్ష్మజీవులను ఒక పాత్రలోనుండి మరియొక పాత్రలోనికి మార్చదలచినచో, సదరు జీవులను అధిక ఉష్ణమునకును, అధిక పీడనమునకును గురిచేసిన పిమ్మటనే మార్చవలెను. ఉల్లంఘించినవారు చర్యకు పాత్రులగుదురు.'"

"అంటే?"

"ఎవరికైనా తోడు ఇవ్వాలంటే ముందు కుక్కర్‌లో పెట్టి ఇవ్వాలి పిన్నిగారూ."

పేరంటాలమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది. కుండకి లక్క సీలు వేసి స్టోరు గదిలో పెట్టారు. ఆవిడ గరిటెలూ మూకుళ్లూ గోనెసంచిలో వేసుకుని, గేటు అవతల కాలవ పక్కనున్న తన ఇంటికి వెళ్లిపోయింది. వెళ్తూ, "చంటిదానికి అన్నప్రాసనయ్యాక ఒకసారి తీసుకురండి, పెరుగన్నం తినిపిద్దాం," అంది. నేను తల వంచుకుని సీలు మీద సంతకం పెట్టాను.

మళ్లీ నవంబరు వచ్చింది. సర్టిఫికెట్ ఏడాదికే కదా చెల్లేది. ఈసారి కమిషనర్ గారు పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. గ్లాసులు ఆనవని నలభై లీటర్ల పాల క్యాను తెప్పించారు. ముందుగా చూసుకుందామని మూడు రోజులు వరసగా చిన్న గిన్నెల్లో పాలు పెట్టి బిళ్లలు వేశాను. పాలు విరిగాయి, వాసన వచ్చాయి, ఒక గిన్నెలో చీమలు పడ్డాయి. తోడుకోవడం మాత్రం జరగలేదు. డైరెక్టరు గారు పాలకి మెమో ఇద్దామా అని ఆలోచించి, ఎవరి పేరున ఇవ్వాలో తెలియక ఆగారు.

ప్రదర్శనకి ముందురోజు మధ్యాహ్నం ఆయన గదికి వెళ్లి తలుపు వేశాను. ఏడాదిగా గొంతులో ఉన్నది కక్కేశాను.

"పోయినేడు తోడుకున్నది బిళ్లతో కాదు సార్. పేరంటాలమ్మ ఐదు గ్లాసుల్లోనూ చెంచాడు తోడు వేసింది. నా ఉద్యోగం పోతుందని వేసింది. నాకు తెలుసు, అయినా చెప్పలేదు. ఏం చర్య తీసుకున్నా సరే సార్."

డైరెక్టరు గారు సీలింగు ఫాను వంక చూశారు.

"ఈ సమాచారం సరైన మార్గంలో రాలేదు కనుక నేను విననట్టే," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడ ఇంట్లో తోడు ఉంటుందా?" అన్నారు.

"ఎప్పుడూ ఉంటుంది సార్, ఇంట్లోనూ అదే తోడు. దీపాలు పెట్టాక మాత్రం ఇవ్వదు."

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. డైరెక్టరు గారు చెప్పుల్లో కాళ్లు దూర్చి, బల్ల మీద మంచినీళ్ల గ్లాసు ఖాళీ చేసి చేత పట్టుకున్నారు.

పేరంటాలమ్మ మమ్మల్ని చూసి కంగారు పడలేదు. పైట చెంగుతో కుర్చీ తుడిచి, "దయచెయ్యండి బాబుగారూ," అంది. ఇల్లంతా ఒకటే గది, ఓ మూల పొయ్యి. డైరెక్టరు గారు కూర్చోలేదు. గ్లాసుని చేతులు మార్చుకున్నారు.

"అమ్మా... కొంచెం తోడు కావలసి ఉంది. ప్రభుత్వ కార్యం నిమిత్తం."

"తోడుకేం భాగ్యమండి, ఉంది. ఉండండి, ఇస్తాను."

అరమీద వెతికి ఏదో గిన్నె తెచ్చింది. దేవుడి పటం వెనకనుంచి నాలుగు మడతల కాగితం కూడా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఉత్తర్వు. కింద ఆయన సంతకం.

"తమరిచ్చిన కాయితమేనండి. చూసుకోండి. సర్టిఫికెట్ లేని తోడు కదండి మాది. ఉత్తినే ఎలా ఇమ్మంటారు? రేపొద్దున్న మీకే మాటొస్తాది." అంటూ గిన్నెని కుక్కర్‌లో దించి, మూత బిగించి, పొయ్యి మీద పెట్టింది. "మూడు కూతలు చాలాండి? నాలుగెయ్యమంటారా?"

డైరెక్టరు గారు కాగితం వంకా కుక్కర్ వంకా మార్చి మార్చి చూశారు. కుక్కర్ లోపల నీళ్లు సలసలమన్నాయి. మూతమీద బరువు వణికింది. సన్నగా ఆవిరి చిమ్మింది.

"ఆగండి," అన్నారు.

"ఇంకా ఒక్క కూత కూడా రాలేదండి."

"ఆపండమ్మా!" డైరెక్టరు గారు కేకేశారు. "చచ్చిపోతాయి! ఆ వేడికి చచ్చిపోతాయి! ఆ ఒత్తిడికి ఒక్కటి కూడా బతకదు! పాలు తోడుకోవు! దించండి!"

పేరంటాలమ్మ పొయ్యి ఆపింది. గదిలో ఆవిరి చప్పుడు తగ్గిపోయింది. నేను జేబులోంచి కలం తీశాను.

"సార్, ఇప్పుడు తమరు సెలవిచ్చిన మాట పోయినేడు నా రిపోర్టులో రాసిన మాటే. ఈసారి ఎవరి అభిప్రాయంగా రాయమంటారు?"

ఆయన వంగి కుక్కర్ మూత పట్టుకోబోయి, కాలి చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"పోనీ ఎన్నో కొన్ని మిగిలుంటాయేమో చూడమ్మా," అన్నారు బతిమాలుతూ.

"అందులో ఉన్నది పప్పండి," అంది పేరంటాలమ్మ. "రాత్రికి కూరలోకి. తోడు అదిగో, అరమీద గ్లాసులో ఉంది. తోడుని ఎవరన్నా కుక్కర్‌లో పెడతారేటండి?"

డైరెక్టరు గారు అప్పుడు కూర్చున్నారు, తుడిచి పెట్టిన కుర్చీలో. కాసేపటికి నా కలం అడిగి తీసుకున్నారు. మోకాలి మీద ఉత్తర్వు పెట్టుకుని అడ్డంగా కొట్టేసి, సంతకం చేసి, తేదీ వేశారు. పేరంటాలమ్మ కాగితం వెనక్కి తీసుకుని దేవుడి పటం వెనక పెట్టాకే ఆయన గ్లాసులో తోడు వేసింది. బయట ఇంకా వెలుగు ఉంది.

ఆ గ్లాసుని డైరెక్టరు గారు నన్ను ముట్టుకోనివ్వలేదు. రెండు చేతులా పట్టుకుని, ఎండ తగలకుండా చెట్ల నీడన, గుంటల దగ్గర ఆగి ఆగి నడిచారు. పాతికేళ్లలో ఏ ఇటుకనీ ఆయన అంత భద్రంగా మోసి ఉండరు. ఆఫీసుకి వెళ్లాక పాలలో వేలు తానే పెట్టి చూశారు.

మర్నాడు నలభై లీటర్ల క్యాను గట్టిగా తోడుకుంది. బిళ్ల ఏదని కమిషనర్ గారు అడిగారు. డైరెక్టరు గారు లేచి నిలబడి చదివారు: "జీవబిళ్లలు నిర్విరామ సేవానంతరం గౌరవప్రదంగా పదవీ విరమణ పొందినవి. వాటి స్థానంలో వాటి పూర్వీకులను నియమించడమైనది." కమిషనర్ గారు మళ్లీ చప్పట్లు కొట్టారు. పెంకులు నొక్కే యంత్రం పాత ఆఫీసుకి వెళ్లిపోయింది. హాస్టళ్లలో గోడల మీంచి అద్దాలు దిగాయి, పెరుగు బేసిన్లు తిరిగొచ్చాయి. ఇరవై రెండు రోజుల ఉత్తరం రాసిన వార్డెన్ గారు, మేకు మిగిలిపోయిందని, దాన్ని ఏం చెయ్యమంటారని రాశారు.

పేరంటాలమ్మ కాంటీన్‌కి తిరిగి వచ్చింది. లక్క సీలు తీసి, ఏడాదిగా ఎండిపోయిన కుండని రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, పాత గోనె మీదే పెట్టింది. మిగిలిపోయిన బిళ్లలు పది బస్తాలుంటే గేటు నుంచి కాంటీన్ దాకా బురద దారిలో పరిపించారు. మూడు వానాకాలాలు గడిచాయి, ఒక్కటి పగల్లేదు. డైరెక్టరు గారు భోజనానికి ఆ దారినే నడుస్తారు. నీలకంఠం గారు కూడా వస్తారు. పెరుగు వడ్డించేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుంటారు.

ఫారం మాత్రం ఏటా వస్తోంది. ఇప్పుడు కుండ పేరు మీద. నవంబరు మొదటివారంలో నేనే నింపుతాను. పేరు దగ్గర 'తోడు' అని రాస్తాను. తండ్రి పేరు కొట్టేసి 'అత్తగారు, పాలకొల్లు' అని రాస్తాను. 'బతికి ఉన్నట్టు ఎలా నిర్ధారించారు?' అన్న గడి దగ్గర ఇప్పుడు కలం ఆగదు. 'అన్నంలో కలుపుకుని తిన్నాను, మా అమ్మాయికి కూడా పెట్టాను' అని రాసి సంతకం చేస్తాను.